నాంది యెట్లు కుఱుచయ్యెను?

తెలుగువారు ఏ కథనైనను తటాలున మొదలుపెట్టినవారు కారు. కావ్యమునకు అవతారిక, నాటకమునకు నాందీప్రస్తావనలు, వీథిభాగవతమునకు గణపతి పూజ, బుఱ్ఱకథకు తొలి ప్రార్థన ముందు నడచిన పిమ్మటనే కథ నడచెడిది. ఈ వరుసలో కడపటిది టెలివిజన్ ధారావాహికకు ముందు వచ్చెడి టైటిలు పాట. ఆ పాట సాగుచుండగా నటీనటుల, రచయితల, సాంకేతికుల పేర్లు తెఱపై ఒకటి వెంట నొకటి కనబడుచుండెను. దీనినే మన జనులు ‘పేర్లు పడుట’ యందురు. ఇరువది యేండ్ల క్రిందట ఒక నిమిషమో అంతకు మించియో సాగిన యీ పాట నేడు పెక్కు ధారావాహికలలో కొన్ని క్షణములకు దిగినది. కొన్నింట ధారావాహిక పేరును ఒక చిన్న వాద్యధ్వనియు మాత్రమే మిగిలినవి. పేర్లు కంటి కందని వేగముతో దాటిపోవుచున్నవి, లేదా అసలు పడుటయే లేదు.

ఇది స్వల్పవిషయమని తోపవచ్చును. కాని సంఘములో వచ్చు మార్పులు స్వల్పవిషయములందే తఱచుగ ముందు బయటపడును. కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతమును కన్నులయెదుట నుంచుకొని, ఈ కుఱుచదనము ఎట్లు వచ్చినదో, అందు పోవలసినది ఏదియో, పోగూడనిది ఏదియో విచారింప దలచితిమి.

నాందిని గూర్చిన విచారము మనకు క్రొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రమున ఐదవ అధ్యాయమంతయు పూర్వరంగమును గూర్చినదే. వాద్యములను కూర్చుట, శ్రుతి చేసికొనుట, దేవతలకు నమస్కరించుట, ప్రేక్షకులకు మంగళము పలుకుట మొదలైన యంగములన్నియు అందు వివరింపబడినవి. అయితే భరతుడు అక్కడనే ఒక హెచ్చరిక కూడ చేసినాడు. పూర్వరంగమున గీతనృత్యములు మితిమీఱినచో ఆడువారికిని చూచువారికిని అలసట కలుగుననియు, అలసినవారికి రసభావములు స్పష్టముగ అందవనియు ఆయన అభిప్రాయము. నాంది ఉండవలెను, కాని అది కథను మ్రింగరాదు అనుట మన శాస్త్రకారులకు మొదటినుండియు తెలిసిన సంగతియే. కాబట్టి కుఱుచ చేయుట తనంతట తాను అపచారము కాదు. ఎందుకొఱకు, ఎంతవఱకు కుఱుచ చేసిరి అనుటయే ప్రశ్న.

మన పల్లెలలో నాందికి మూడు పనులుండెను. మొదటిది పిలుచుట. రాత్రి భోజనములైన పిదప మద్దెల మ్రోగుట వినియే జనులు చాపలు చంకబెట్టుకొని కచ్చేరి కడకో, గుడిముందటికో వచ్చుచుండిరి. ప్రార్థన సాగుచున్నంతసేపును జనము చేరుచునే యుండును. వెనుకబడి వచ్చినవానికి కథ తప్పిపోకుండుటకే ఆ జాగు. రెండవది పరిచయము చేయుట. వీథిభాగవతమున ప్రతి ముఖ్యపాత్రయు ప్రవేశదరువుతో తానెవరో చెప్పుకొని వచ్చును. తెరచాటున నిలిచి జడ మాత్రము చూపి వచ్చు సత్యభామ ప్రవేశమును కూచిపూడివారి కలాపమున చూడనివారు అరుదు. మూడవది ఋణము చెప్పుకొనుట. గురువునకు, దేవతకు, ఊరిపెద్దకు, ప్రదర్శనము పెట్టించిన దాతకు పేరుపేరున వందనము చెప్పనిదే మేళమువారు కథ ఎత్తుకొనెడివారు కారు.

ఈ పద్ధతి నేటికిని జీవించియున్న చోట్లు లేకపోలేదు. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి గుట్టపై రెండేండ్ల కొకమాఱు లింగమంతులస్వామి జాతర జరుగును. దీనినే జనులు పెద్దగట్టు జాతర యందురు. కేసారము గ్రామమునుండి దేవరపెట్టె గట్టుకు చేరుట ఈ జాతరకు నాందివంటిది. మోటారుబండిలో నిమిషములలో తేదగిన పెట్టెను అంత సంరంభముతో తెచ్చుట యెందుకని ఎవరును అడుగరు. ఆ రాకయే వేలాది జనమును ఒక్కటిగా కూర్చునది.

మూడవ పనియగు ఋణకథనమునకు మన సారస్వతమున గల విలువ ఇంతింతకాదు. నన్నయభట్టునకు భారతరచనయందు నారాయణభట్టు తోడ్పడెనని మనకు తెలియుట భారతావతారికవలననే. తిక్కన తన కృతిని హరిహరనాథున కంకితము చేసిన కారణము విరాటపర్వావతారికలోనిదే. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు జైమినిభారతమును సాళువ నరసింహుని కిచ్చెననుటకు సాక్ష్యము ఆ గ్రంథమున ముందున్న పద్యములే. ఈ అవతారికలను విసుగని ఎవరైన తొలగించియుండినచో, తెలుగు కవుల చరిత్రములో సగము చీకటియై యుండెడిది. కవుల చరిత్రములను వ్రాసిన మన పెద్దలు కాలనిర్ణయమునకు మొట్టమొదట వెదకినది అవతారికలనే.

సూర్యాపేటకు కూతవేటు దూరమున నున్న పిల్లలమఱ్ఱి గ్రామమున కాకతీయులనాటి దేవాలయములును శాసనములును కలవు. రుద్రదేవుని పేరు గల శాసనము శక 1117, అనగా క్రీ.శ. 1195 నాటిది, గణపతిదేవుని పేరు గలది శక 1130, అనగా క్రీ.శ. 1208 నాటిది. రేచెర్ల వంశీయులు ఆ గుళ్లను కట్టించిరని నేడు మనము చెప్పగలుగుట ఆ రాళ్లమీద పేర్లుండుటవలననే. అయితే ఆ స్తంభములను చెక్కిన శిల్పులలో మిక్కిలి పెక్కుమంది పేర్లు మనకు తెలియవు. ధనమిచ్చినవాని పేరు నిలిచినది, ఉలి పట్టినవాని పేరు పోయినది. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ముందు చెప్పబోవు విషయమునకు ఇది మూలము.

నాందిని మొట్టమొదట కుఱుచ చేసినవారు వర్తకులు కారు, సంస్కర్తలే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో అచ్చయినది. పెంచి మార్చిన రెండవ కూర్పు 1909లో వచ్చినది. అందు సూత్రధారుడు లేడు, నటి లేదు. గిరీశము రంగము మీదికి వచ్చి తన గోడు తాను చెప్పుకొనుటతోనే నాటకము మొదలగును. జీవితమును ఉన్నదున్నట్లు చూపదలచిన రచయితకు, ఇది నాటకము సుమా యని ముందుగా చెప్పెడి సూత్రధారుడు అడ్డముగ తోచుట సహజమే. ఈ త్రోసివేతవలన తెలుగు నాటకమునకు మేలే కలిగినది. కావున ప్రాతది పోయినదన్నంతనే కన్నీరు కార్చుట మా యుద్దేశము కాదు. ఒక్క సంగతి మాత్రము గమనింపదగినది: కన్యాశుల్కమున నాంది పోయినను, పుస్తకము ముఖపత్రముమీద గ్రంథకర్త పేరు పోలేదు, పీఠికయు పోలేదు. పిలుపు, పరిచయము తగ్గినవి, ఋణము మిగిలినది.

1932లో ‘భక్తప్రహ్లాద’తో తెలుగు మాటలచిత్రములు వచ్చినవి. చాలకాలము చిత్రములన్నింటను పేర్లు మొదటనే పడుచుండెను. టిక్కెట్టు కొని, చీకటిలో తడవుకొనుచు బెంచీ వెదకుకొను ప్రేక్షకునికి ఆ రెండు మూడు నిమిషములు చాల అక్కఱకు వచ్చెడివి. మద్దెల మ్రోతకును ఈ పేర్ల వెనుకటి సంగీతమునకును పని యొక్కటే. తరువాత పనివారి సంఖ్య పెరిగిన కొలది పేర్ల పట్టిక చిత్రము చివఱకు జరిగినది. దీపములు వెలిగి జనులు లేచి తలుపులవైపు నడచుచుండగా వెనుక పేర్లు ప్రాకుచుండును. చదువువారు లేనిచోట చదివించుట యన్నమాట.

ఇక టెలివిజన్ సంగతి. మన దేశమున ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనవి. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణినుండి వేఱుపడినది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ఏర్పడినది. 1984లో దేశమంతట రిలే కేంద్రములు త్వరత్వరగా స్థాపింపబడుటతో చిన్న పట్టణములకు సైతము టెలివిజన్ చేరసాగెను. నాగార్జునసాగరము కాలువలకు 1967లో నీరు విడిచినది మొదలు ఎడమకాలువ క్రింద వరిసాగు పెరిగి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు నెలవయ్యెను. కోదాడ, సూర్యాపేటలు హైదరాబాదు విజయవాడల నడిమి రహదారిపై వర్తకస్థానములుగా పెరిగినవి. చేత నాలుగు డబ్బు లాడిన యిండ్లలో టెలివిజన్ పెట్టె వెలసెను. వీథికి ఒకటి రెండు పెట్టెలున్న ఆ దినములలో ఒక యింటి టెలివిజన్ వీథి యందఱిది.

1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 వఱకు సాగిన రామానందసాగర్ ‘రామాయణ్’, 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వఱకు సాగిన బి. ఆర్. చోప్రా ‘మహాభారత్’ హిందీలో నడచినను, తెలుగు పల్లెలలో వానిని చూడనివారు తక్కువ. ఆదివారము ఉదయమున రవీంద్ర జైన్ కూర్చిన రామాయణపు పాటయో, మహేంద్రకపూర్ గొంతున భారతపు పాటయో వినబడిన పిమ్మటనే ఇరుగుపొరుగువారు పనులు వదలి చేరుచుండిరి. భాష తెలియని ముసలివారికి సైతము పాట తెలిసినది. పూర్వము మద్దెల చేసిన పనిని ఇక్కడ టైటిలు పాట చేసినదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

1995లో జెమిని, ఈటీవీ అను తెలుగు ఛానళ్లు వెలసిన పిదప ధారావాహికలు వారమున కొకమాఱు గాక దినదినము రాసాగెను. ఆ కాలమున టైటిలు పాట ఒక చిన్న సాహిత్యశాఖ యయ్యెననుట అతిశయోక్తి కాదు. మంజులానాయుడుగారి ‘ఋతురాగాలు’, 2003లో మొదలైన ‘చక్రవాకం’, 2008 నుండి 2013 వఱకు నడచిన ‘మొగలిరేకులు’ కథలను మఱచినవారికి సైతము పాటలు జ్ఞాపకమున నున్నవి. గుణ్ణం గంగరాజుగారి ‘అమృతం’ హాస్యధారావాహిక 2001 నుండి 2007 వఱకు వచ్చినది. దాని పాటకు కల్యాణి మాలిక్ బాణీ కట్టెను. సంసారపు చిక్కులను నవ్వుతో దాటుమను బుద్ధిని చెప్పిన యా పాట ధారావాహిక ముగిసిన యెన్నో యేండ్లకు గూడ పిల్లల నోట వినబడుచున్నది. వంటయింటిలోని గృహిణికి ఆ పాటయే గడియారము. పొయ్యి తగ్గించి, చేయి తుడుచుకొని వచ్చుటకు ఆ నిమిషము చాలును.

మఱి ఆ నిమిషము ఎట్లు పోయెను? ఇందులకు దారి చూపినది అమెరికాదేశము. అక్కడ 1964లో వచ్చిన ‘గిల్లిగన్స్ ఐలండ్’ వంటి ధారావాహికలలో కథాసందర్భమంతయు తొలిపాటలోనే చెప్పబడెడిది. మన బుఱ్ఱకథకుని పద్ధతియే. 1984లో అక్కడి ప్రభుత్వసంస్థ టెలివిజన్ ప్రకటనల కాలముపై నుండిన కట్టుబాట్లను సడలించెను. ప్రకటనలు పెరిగినవి, కథాకాలము తరిగినది. ఇంతలో మీట నొక్కి ఛానలు మార్చు సాధనము ప్రతియింట చేరెను. ఒక కార్యక్రమమునకును మఱియొక దానికిని నడుమ సందు దొరికినచో ప్రేక్షకుడు జాఱిపోవునని భయపడి, 1994లో ఎన్.బి.సి. సంస్థ చివరి పేర్లను తెఱలో ఒక ప్రక్కకు నెట్టివేసెను. 2004లో వచ్చిన ‘లాస్ట్’ అను ధారావాహికలో చీకటినుండి పేరొక్కటి తేలివచ్చి కొన్ని క్షణములలో మాయమగుటయే తొలిరూపము. 2017లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ తొలిపాటను దాటవేయు మీటను పెట్టినది. ఒక సాధారణదినమున ఆ మీట 13 కోట్ల 60 లక్షల మాఱులు నొక్కబడుచున్నదనియు, అందువలన మిగిలిన కాలము మొత్తము 195 సంవత్సరములనియు 2022లో ఆ సంస్థయే ప్రకటించెను.

మన ధారావాహికలకు పై కారణములతోపాటు మఱియొకటి కూడినది. వారమున కొకమాఱు విన్న పాట పండుగ; దినదినము విన్న పాట అలవాటు. వారమునకు ఆఱు దినములు వచ్చు ధారావాహికకు ఏడాదికి 312 భాగములు. భాగమున కొక్క నిమిషము తగ్గించినచో 5 గంటల 12 నిమిషములు మిగులును. నిమిష నిమిషమునకు ప్రేక్షకుల లెక్క తీయు కాలమున ఈ యైదు గంటలు ఛానలువారికి బంగారమువలె కనబడుట వింత కాదు.

అయితే మిగిలిన కాలము కథకే చేరినదా? నిదానించి చూడవలసినది ఇదియే. నేటి ధారావాహికలో ముందు ‘జరిగిన కథ’ వచ్చును. ఒకే ముఖమును మూడు వైపులనుండి మూడుమాఱులు చూపుట వచ్చును. సమర్పకుల పేర్లు నిదానముగ, పెద్ద అక్షరములతో, గొంతుతో సహా వచ్చును. చివఱ రాబోవు భాగపు ముచ్చట వచ్చును. గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలు వేయరాదని కేబుల్ టెలివిజన్ నియమములు విధించినవి. ట్రాయ్ సంస్థ 2012, 2013లలో దీనిని గట్టిగ అమలుపఱుప బూనగా వివాదము న్యాయస్థానముల కెక్కినది. కాలము పొదుపు చేయబడలేదు, చేతులు మారినది. పిల్లలమఱ్ఱి గుడి సంగతియే ఇచ్చటను: ధనమిచ్చినవాని పేరు నిలిచినది, ఉలి పట్టినవాని పేరు పోయినది.

ఈ నష్టము ఊహామాత్రము కాదు. ఈ మూడు పట్టణములనుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు హైదరాబాదు చేరి, కెమెరా మోయుచు, దుస్తులు కుట్టుచు, సంభాషణలు వ్రాయుచు, చిన్నవేషములు కట్టుచు బ్రదుకు యువకులు కలరు. వారి పనికి పేరు పడుటయే యోగ్యతాపత్రము. ఒకచోట పడిన పేరును చూపియే మఱియొకచోట పని యడుగుదురు. ఊరిలో నున్న తల్లిదండ్రులకు కొడుకు చేయు పని యేదియో తెలియుట ఆ పేరు తెఱపై కనబడిననాడే. దానిని తొలగించుటవలన సంస్థకు మిగులునది కొన్ని క్షణములు. పనివానికి పోవునది వాని సాక్ష్యము.

చట్టము కూడ దీనిని ఎఱుగకపోలేదు. మన గ్రంథస్వామ్యశాసనమున 57వ విభాగము రచన తనదని చెప్పుకొను హక్కును రచయితకు ఇచ్చుచున్నది. 2012 నాటి సవరణమువలన 38బి విభాగము చేరి, గాయకుడు, నటుడు మొదలగు ప్రదర్శకులకును తమ ప్రదర్శనమునకు తామే కర్తలమని గుర్తింపబడు హక్కు కలిగినది. అయితే ప్రదర్శనమును వాడుకొను విధమునుబట్టి పేరు చెప్ప వీలులేనిచోట విడువవచ్చునను మినహాయింపును అందే కలదు. చోటు లేదు, కాలము లేదు అనువారికి ఆ సందు చాలును.

దీనికి ప్రతిగా చెప్పబడు మాటలను మేము తేలికగ త్రోసిపుచ్చము. సెల్‌ఫోనున ఒక్కడు ఒంటరిగ కూర్చుండి ఒకే రాత్రి ఐదు భాగములు చూచునపుడు, అదే పాటను ఐదుమాఱులు వినుమనుట న్యాయము కాదు. అతనిని పిలువవలసిన పని లేదు, అతడు వచ్చియేయున్నాడు. చేరవలసిన జనము లేదు. పరిచయము కూడ ప్రకటనచిత్రములవలన ముందే జరిగినది. భరతుడు చెప్పిన అలసట ఇచ్చట నిజమైనదే. నాందికి గల మొదటి రెండు పనులు ఈ విధముగ తీఱిపోయినవని ఒప్పుకొనవలసినదే. కాని మూడవ పని తీఱలేదు. పిలుపుతోపాటు ఋణమును గూడ పారవేసితిమి. ధాన్యము చెఱిగి ఊకతోపాటు గింజలను గాలికి విడిచినట్లయినది.

కాబట్టి సంస్కరణము ఈ రీతిగ నుండవలెనని మా యభిప్రాయము. దినదినము పూర్ణగీతము వలదు; వారమున కొకనాడు, మొదటి భాగమునాడును, పూర్ణముగ రావలెను. తక్కిన దినములలో అది కుఱుచయైనను తప్పులేదు. పాట వచ్చినప్పుడు దానిని వ్రాసినవాని, కూర్చినవాని, పాడినవాని పేర్లు పాటతోనే కనబడవలెను. పేర్ల పట్టిక చదువదగిన వేగముతో, సమర్పకుల పేరునకు ఇచ్చునంత నిదానముతో నడువవలెను. తెలుగు ధారావాహికలలోను చలనచిత్రములలోను పేర్లు తఱచుగ ఇంగ్లీషు అక్షరములతో పడుచుండుట మానిపి, తెలుగక్షరములతో పడునట్లు చేయవలెను. అంతర్జాలమున చూపువారు దాటవేయు మీటకు ప్రక్కనే పనివారి పట్టికను తెఱచు మీటను గూడ పెట్టవచ్చును. వీనిలో ఏదియు ధనవ్యయమునకు లోనగునది కాదు.

చూచువారికిని ఒక పని కలదు. నచ్చిన పాటను వ్రాసినవారెవరని అడుగుట, పేర్లు పడునపుడు లేచిపోక ఒక్క నిమిషము కూర్చుండుట, పిల్లలచేత ఆ పేర్లు చదివించుట ఏమంత కష్టము కాదు. వీథిభాగవతము ముగిసిన మఱునాడు మేళమువారు ఇల్లిల్లు తిరుగగా మన తాతలు చేటలో బియ్యము పోసి, ఎవరు ఏ వేషము కట్టిరో అడిగి తెలిసికొనుచుండిరి. నాంది ఎంత కుఱుచయైనను కథ నడచును; కాని కథ నడిపినవారెవరో చెప్పని సంఘము రేపటి చరిత్రకారునికి ఒట్టి రాళ్లను మాత్రమే విడిచిపోవును.